ఏది బరువు?

లైట్‌వెయిట్ డెస్క్‌టాప్ అనగానే అందరూ ర్యామ్ లెక్కలే చెప్తారు. నన్ను ఆలోచనలో పడేసింది వేరే సంగతి.

2 జీబీల పాత లాప్‌టాప్‌లో డెస్క్‌టాప్ లేని డెబియన్ వేసి, దానిమీద ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టుకున్నాను. 1996లో ఒలివియే ఫూర్దాన్ మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. ఇందులో ఏ పని ఎవరిదో విడిగా కనిపిస్తుంది. విండోల అంచులు గీసేది ఒక ప్రోగ్రాం, ప్యానెల్ ఇంకొకటి, ఫైళ్లు చూపించే థూనార్ మరొకటి. నచ్చనిదాన్ని పీకేసి వేరేది పెట్టుకోవచ్చు. నీడలు ఆపేశాను, రెండో ప్యానెల్ తీసేశాను. బాగా ఎడిట్ చేసిన కథలా తయారైంది.

అప్పుడొక తెలుగు ఫైలు తెరిచాను. అక్షరాల బదులు డబ్బాలు! టైపు చేసే దారీ లేదు. గ్నోమ్‌లో ఐబస్‌ని సెట్టింగుల్లోనే కలిపేశారు. ఇక్కడ ఐబస్, దానికి తెలుగు లేఅవుట్లిచ్చే ఎం17ఎన్, ఫాంట్లు, అన్నీ మనమే తెచ్చుకోవాలి. ఎవరో దించేసిన బరువులో నా భాష కూడా ఉందన్నమాట.

ముందు చిరాకేసింది. తర్వాత అనిపించింది, పెద్ద డెస్క్‌టాప్‌ల బరువులో కొంత, నాలాంటివాళ్లని గుర్తుపెట్టుకోవడం వల్ల వచ్చిందే కదా అని. ఇక్కడ ఆ గుర్తుపెట్టుకునే పని నాది. తెలుగుకి ఏమేం కావాలో ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలను. వత్తులు తెగకుండా ప్యానెల్ ఎత్తు కూడా కాస్త పెంచాను. ఈ సెట్టింగులు చాలావరకు డాట్ కాన్ఫిగ్ ఫోల్డర్లోనే ఉంటాయి, రేపు ఇంకో మెషీన్‌కి పట్టుకెళ్లొచ్చు.

ఏం తీసేస్తే తేలికవుతుందో చెప్పేవాళ్లు బోలెడుమంది. ఏది తీయకూడదో మాత్రం ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిందే.