ఊరంతా చుట్టే ఉండ

అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని కాకర్ సిటీ ఐదొందల మంది కూడా లేని ఊరు. ఫ్రాంక్ స్టోబర్ అనే రైతు 1953లో కొట్టంలో పడున్న కిత్తనార పురికొస ముక్కల్ని ఉండగా చుట్టడం మొదలెట్టాడు. 1961లో దాన్ని ఊరికి ఇచ్చేశాడు. 1974లో ఆయన పోయాడు.

ఉండ మాత్రం పెరుగుతూనే ఉంది!

ఏటా ఆగస్టులో ‘ట్వైన్-ఎ-థాన్’ పెడతారు. చిన్నాపెద్దా కొత్త పురికొసను పాత కొసకు ముడేసి, ఉండ చుట్టూ తిరుగుతూ చుడతారు. దారిన పోయేవాళ్లూ ఓ చెయ్యి వేయొచ్చు. కాలిబాట మీది రంగు గీత పట్టుకుని నడిస్తే నేరుగా అక్కడికే చేరతారు. అక్కడి దుకాణాల అద్దాల వెనక బొమ్మల్లో మోనాలిసా చేతిలోనూ పురికొస ఉండే!

మిన్నెసోటాలోని డార్విన్‌లో ఫ్రాన్సిస్ జాన్సన్ 1950 నుంచి ఒక్కడే చుట్టిన ఉండ అద్దాల మంటపంలో భద్రంగా ఉంది. ఆ పట్టుదలా గొప్పదే. కానీ ముందు చూడాల్సింది మాత్రం పదిమందీ చెయ్యి వేసిన కాకర్ సిటీ ఉండనే.