మిస్సమ్మ కాలి మీది పుట్టుమచ్చ

మా అక్కకు రెండు పేర్లున్నాయి. ఒకటి చర్చి రిజిస్టరులో, ఇంకొకటి పదో తరగతి మెమోలో. ఆ రెండూ ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చెప్పడానికే ఇదంతా. మధ్యలో ఎప్పటిలాగే పాత సినిమా ముచ్చట కూడా ఉంటుంది, కొంచెం ఓపిక పట్టండి.

పోయిన క్రిస్మస్‌కు అక్క చర్చికి పోలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి ఇదే మొదటిసారి. అమ్మ ఒక్కతే తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచిలో పెట్టుకుని పోయొచ్చింది. మధ్యాహ్నం బగారన్నం, కోడికూర తిన్నాం. తిన్నాక ఎవరికీ మాట తోచలేదు. పండుగపూట ఇల్లు అంత చప్పుడు లేకుండా ఉండటం మాకు అలవాటు లేదు. ఏదో ఒకటి మోగాలి కదా అని టీవీలో 'మిస్సమ్మ' పెట్టాను.

అమ్మకు ఆ సినిమా అంటే ప్రాణం. మా చిన్నప్పుడు కాజీపేటలో ఉండేవాళ్లం. నాయిన రైల్వేలో గ్యాంగ్‌మన్. వాడ మొత్తానికి ఒకటే టీవీ, బ్లాక్ అండ్ వైట్. అందులో 'మిస్సమ్మ' వచ్చిన రోజు ఆడవాళ్లు వంటలు ముందే ముగించుకుని వచ్చి కూర్చున్నారు. ఎందుకంటే హీరోయిన్ మన పిల్ల. పేరు మేరీ. చదువుకున్నది. కోపమొస్తే ఎవరినీ లెక్కచేయదు. అప్పటిదాకా మేం చూసిన సినిమాల్లో క్రైస్తవులంటే ఎవరు? విలన్ పక్కన సీసా పట్టుకుని నిలబడే రాబర్టు, క్లబ్బులో డాన్సు చేసే లిల్లీ. అట్లాంటిది సావిత్రి మేరీ అయి మరియమాతకు పాట పాడుతుంటే వాడంతా ఊపిరి బిగబట్టి చూసింది. నిజానికి మేం బాప్టిస్టులం, మరియమ్మకు పాటలు పాడం. ఆ ఒక్క సాయంత్రం ఎవరూ పట్టించుకోలేదు.

చూడని చిన్నవాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. 1955 సినిమా. విజయా వాళ్లది, దర్శకుడు ఎల్.వి. ప్రసాద్. అప్పాపురం జమీందారు తన బడికి భార్యాభర్తలైన టీచర్లు కావాలంటాడు. ఉద్యోగం కోసం తిరుగుతున్న ఎన్టీఆర్, అప్పు తీర్చాల్సిన మేరీ మొగుడూపెళ్లాల వేషం కట్టి చేరతారు. అంటే, జీతం కోసం కాగితం మీద తమది కాని వివరం రాసిచ్చిన ఇద్దరి కథ. డెబ్బై ఏళ్లుగా తెలుగువాళ్లంతా వాళ్లను చూసి నవ్వుకుంటున్నారు, ముద్దు చేస్తున్నారు. ఒక్కరు కూడా వాళ్లను మోసగాళ్లు అనలేదు.

ఆ జమీందారుకు తప్పిపోయిన కూతురుంది, మహాలక్ష్మి. అక్కినేని వేసిన డిటెక్టివ్ కుర్రాడు కాలి మీది పుట్టుమచ్చను ఆనవాలుగా పట్టుకుని వెతుకుతుంటాడు. చివరికి ఆ మచ్చ మేరీ కాలి మీదే దొరుకుతుంది. మేరీ మేరీ కాదు, మహాలక్ష్మి. ఇంకేముంది, పెళ్లికి మతం అడ్డు తొలిగింది, శుభం.

చిన్నప్పుడు నాకు ఆ ముగింపు తెగ నచ్చింది. కేయూలో చదివే రోజుల్లో అదే ముగింపు మీద మండిపడ్డాను. క్రైస్తవ పిల్ల హీరోను చేసుకోవాలంటే ముందు జమీందారు బిడ్డగా తేలాలా అని హాస్టల్లో అర్ధరాత్రి దాకా వాదించేవాణ్ణి. ఇప్పుడు ఆ కోపం కొంత చల్లారింది. కోపం ఉన్నా సినిమాను వదులుకోలేను. సావిత్రిని అసలే వదులుకోలేను.

ఈసారి సినిమా అయిపోయాక అమ్మ ఒక మాటన్నది.

"అందరికి అన్ని దొరికినయి గదరా. పెంచి పెద్దజేసినామెకే ఏం దొర్కలె."

ఇన్నిసార్లు చూశాను, ఇన్ని వాదనలు చేశాను, ఒక్కసారి కూడా ఆ పెంచిన తల్లిదండ్రుల వైపు నుంచి ఆలోచించలేదు. దొరికిన బిడ్డకు తమ దేవుడి ఇంటి పేరు పెట్టుకున్నారు. చివర్లో ఆ పేరు తీసేసి వేరే పేరు పెట్టి తీసుకుపోతుంటే వాళ్లకేమనిపించిందో ఎవరూ అడగలేదు. మా అమ్మకు అది తెలుసు. బిడ్డను బడిలో వేసిన రోజు, తను పెట్టుకున్న పేరు పక్కన పెట్టి అయ్యవారు రాసిన ఇంకో పేరుకు తలూపి వచ్చింది ఆమే.

విషయానికి వస్తాను. సినిమాలో పుట్టుమచ్చ గెలిచింది. ఎన్నేళ్లు చర్చిలో మోకరించినా పుట్టుక పోలేదు. మన చట్టంలో కథ తిరగబడుతుంది. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే మిగిలారు. మన దగ్గర క్రైస్తవం తీసుకున్న ఎస్సీలను బీసీ-సీలో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే మతంతో ముడి తీసేయమంది. ఆ నివేదిక అలమారలో ఉంది. 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ నాయకత్వంలో ఇంకో కమిషన్ వేసింది. ఈలోపు 2024 నవంబరులో పుదుచ్చేరి మహిళ ఒకామె కేసులో సుప్రీంకోర్టు, బాప్తిస్మం తీసుకుని చర్చికి పోతూ ఉద్యోగం కోసం హిందువునంటే కుదరదు, అది రాజ్యాంగాన్ని మోసం చేయడమే అంది.

మా తాత చచ్చిన గొడ్లను మోసిన భుజం బాప్తిస్మం నీళ్లలో మునిగి లేచేసరికి వేరే భుజమైపోయిందని చట్టం నమ్ముతుంది. ఊరు నమ్మదు. మా అమ్మమ్మ ఊళ్లో చర్చి మాదిగవాడలోనే ఉంది, దాన్ని ఊరివాళ్లు ఈరోజుకూ మాదిగోళ్ల గుడి అనే అంటారు. సినిమాలో నీళ్లకు మచ్చ పోదు, చట్టంలో పోతుంది. మా అక్క మాత్రం రెంటి మధ్యా ఇరుక్కుంది.

మన ఉద్యమంలోనే కొందరికి దీని మీద అభ్యంతరం ఉంది. ఉన్న వాటాలోకి ఇంకొందరు వస్తారని వాళ్ల భయం. అది అర్థంలేని భయమని నేననను. కూర్చుని మాట్లాడుకుందాం. కానీ మాట్లాడుకోవాలంటే మనలో ఎంతమంది ఇళ్లలో రెండు పేర్లున్నాయో ముందు ఒప్పుకోవాలి కదా.

అక్క సర్కారు బడిలో టీచరు. పెళ్లికి రెండు రకాల కార్డులు అచ్చు వేయించాం. ఒకటి శిలువ గుర్తుతో చుట్టాలకు, ఒకటి ఏ గుర్తూ లేకుండా తోటి టీచర్లకు. అప్పుడు నవ్వుకున్నాం. ఏడాది కింద ఆమె ఆఫీసుకు ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. లోపల ఒక ఫోటో, చర్చి పాటల బృందంలో అక్క. విచారణ ఏదీ మొదలుకాలేదు. ఎవరో పెద్దాయన పిలిచి "జాగ్రత్తమ్మా" అన్నాడట. అది బెదిరింపో, సలహానో ఆమెకు ఈరోజు దాకా అర్థం కాలేదు. ఆ నెల నుంచే చర్చి మానేసింది.

ఇవన్నీ నడుస్తున్నప్పుడే పి.కె. రోజీ గురించి మళ్లీ చదివాను. మలయాళంలో మొదటి సినిమా 'విగతకుమారన్' హీరోయిన్. దాదాపు వందేళ్ల కిందటి మాట. దళిత మహిళ అయివుండి తెర మీద నాయర్ స్త్రీగా కనబడింది. జనం రాళ్లు విసిరారు, ఆమె ఇల్లు తగలబెట్టారు. రాత్రికి రాత్రి తమిళ దేశం పారిపోయి, రాజమ్మాళ్ అనే పేరుతో బతికింది. 2023లో గూగుల్ ఆమె బొమ్మ పెట్టింది, సంతోషం. మేరీ మహాలక్ష్మి అయితే ఆస్తి, మొగుడు, ఇల్లు దొరికాయి. రోజీ రాజమ్మాళ్ అయితే ప్రాణం దక్కింది, అంతే. తానెవరో పెంచిన పిల్లలకు కూడా తెలియనివ్వకుండా పోయిందట.

హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం ఉంది, 1904 నాటిది. డిగ్రీ రోజుల్లో నేను జాషువాను చదివింది అక్కడే. క్రైస్తవ ఇంట పుట్టిన కవి, గుడిలోకి పోలేని మనిషి గోడును గబ్బిలం చేత కాశీలో శివుడికి చెప్పించాడు. అదే మనిషి 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో అకాడమీ అవార్డు తీసుకున్నాడు. ఇప్పుడు మండలాఫీసులో ఆయన లైన్లో నిలబడితే ఏ సర్టిఫికెట్ రాసిచ్చేవారో!

క్రిస్మస్ సాయంత్రం నేను అక్కతో గట్టిగానే అన్నాను. ఎన్నాళ్లు దాక్కుంటావు, బయటపడు, కోర్టుకు పోదాం, మేమంతా ఉన్నాం అన్నాను. అక్క ఏం మాట్లాడకుండా గిన్నెలు సర్దింది. కాసేపటికి "నీకేం, రాస్తవు. నా జీతం మీద ఇంట్ల నలుగురున్నరు" అన్నది.

అప్పుడు అమ్మ బైబిలు తెరిచింది. అమ్మకు చదువు రాదు అనుకునేరు, వాడలో బైబిలు చదవడం కోసమే అక్షరాలు నేర్చుకున్న తరం అది. ఎస్తేరు గ్రంథం తీసింది. ఎస్తేరుకు కూడా రెండు పేర్లే. ఇంట్లో హదస్సా, కోటలో ఎస్తేరు. నీ జనం ఎవరో చెప్పొద్దని మొర్దెకై ఆమెకు ఆజ్ఞ పెట్టాడు, ఆమె చెప్పలేదు. ఇంకో సంగతి, ఆ పుస్తకంలో దేవుడి పేరు ఒక్కచోట కూడా ఉండదు. పేరు లేకపోయినా అది బైబిల్లోనే ఉంది. ఈ మాట మీద అమ్మకు ఎంత నమ్మకమో చెప్పలేను.

నేను ఊరుకోలేదు. "చివరికి చెప్పింది కదమ్మా, నేను యూదురాలినని" అన్నాను.

"చెప్పింది. ఎప్పుడు చెప్పింది? రాజు బంగారు దండం సాపినంక చెప్పింది. మీ రాజు సాపిండా?"

నా దగ్గర జవాబు లేదు. కమిషన్ సంగతి చెప్పబోయి ఆగిపోయాను.

ఇది పెట్టేముందు అక్కకు చదివి వినిపించాను. రెండు వాక్యాలు తీసేయమంది, తీసేశాను. బడి గురించి, ఫోటో గురించి కొన్ని వివరాలు మార్చమంది, మార్చాను. రోజీ పేరాను మళ్లీ ఒకసారి చదవమంది.

ఆదివారం పది గంటలకు మా ఇంట్లోకి చర్చి మైకు బాగా వినబడుతుంది. అక్క కిటికీ పక్కన కుర్చీ వేసుకుని పరీక్ష పేపర్లు దిద్దుతుంది. రెండో పాట ఆమె ఎప్పుడూ పాడే పాట అయితే, ఎర్ర పెన్ను కాసేపు ఆగుతుంది. అమ్మ తిరిగొచ్చాక ఆ వారం ఏ వాక్యం చదివారో అడుగుతుంది.