ఆసు ఎవరు పోస్తరు?

ఉమ్మడి నల్గొండ జిల్లా పుట్టపాకలో మా చిన్నమ్మ బిడ్డకు జావా చెప్తున్నాను. క్లాసంటే నమూనా, ఆబ్జెక్టంటే దాన్నిబట్టి తయారైన వస్తువు. ‘చీర’ క్లాసు రాశాను: రంగు, అంచు, ధర. ‘న్యూ’ అంటే ఒక చీర, మళ్లీ అంటే ఇంకోటి. ఒకదాని ధర మార్చినా రెండోదానిది మారదు.

"అన్నా, న్యూ అనంగనే చీర వచ్చేస్తదా? మరి ఆసు ఎవరు పోస్తరు?"

పాఠ్యపుస్తకాల్లోని కార్లూ కుక్కలూ పుట్టించని ప్రశ్న ఇది! చీరకు ఆసు పోయాలంటే మేకుల చుట్టూ నూలు తిప్పుతూ చెయ్యి వేలసార్లు ఆడాలి. ఆ పని కన్‌స్ట్రక్టర్‌ది అన్నాను. తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసుయంత్రం చేశాడు. చీర నమూనా అదే, కన్‌స్ట్రక్టర్ లోపలి పనే మారింది.

చెల్లె కన్‌స్ట్రక్టర్‌కి ఒక పారామీటరు కలిపింది: ఆసు పోసినవాళ్ల పేరు. అదివ్వకపోతే ఇప్పుడు ప్రోగ్రాం కంపైలే కాదు.