మట్టి లెక్కలో మనిషి

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో నల్లరేగడి, ఎర్ర చెల్క పక్కపక్కనే కనిపిస్తాయి. గద్వాల నుంచి వనపర్తి, అక్కడి నుంచి నాగర్‌కర్నూల్ వరకు చేన్ల వెంట తిరిగాను. సేద్యపు భూమిలో కర్బనం ఎంత ఉందో, ఎందుకు పెరుగుతోందో, ఎందుకు తరుగుతోందో ఎలా తెలుసుకోవాలన్నదే నా ప్రశ్న.

మట్టిని పరీక్షించే దారి అందరికీ తెలిసిందే. చేనులో పలుచోట్ల తవ్విన మట్టిని కలిపి, ఆరబెట్టి, జల్లించి ప్రయోగశాలకు పంపుతారు. అక్కడ 1934లో వెలువడిన వాక్లీ-బ్లాక్ పద్ధతిలో పొటాషియం డైక్రోమేట్, గంధకికామ్లం కలిపి సేంద్రియ కర్బనం తేలుస్తారు. 0.5 శాతానికి లోపుంటే రైతుకిచ్చే ఫలితాల కార్డు మీద ‘తక్కువ’ అని పడుతుంది. ఘనపు సెంటీమీటరు మట్టి 1.5 గ్రాములు తూగితే, 30 సెంటీమీటర్ల లోతు వరకు 0.1 శాతం తేడా అంటే హెక్టారుకు 4.5 టన్నుల కర్బనం. కార్బన్ డయాక్సైడ్‌గా లెక్కిస్తే 16 టన్నుల పైమాటే. మట్టిలో నిలిపిన కర్బనానికి డబ్బిచ్చే కార్బన్ క్రెడిట్ల బేరాలు జరిగే ఈ కాలంలో ఆ చిన్న అంకె వెనుక డబ్బుంది. అందుకే అది తప్పకూడదు.

గద్వాల వైపు ఒక రేగడి చేనులో రైతు గట్టు మీద నిలబడి చెయ్యి చూపించాడు. “ఈడ సున్నపు రాళ్లు ఎల్తయి సారూ. ఆ గట్టు దాటితే ఉండవు.” సున్నపు రాళ్లలోనూ కర్బనం ఉంటుంది, కానీ అది ఆకూ అలమూ కుళ్లి చేరినది కాదు. మట్టిని బాగా కాల్చి మొత్తం కర్బనాన్ని కొలిచే యంత్రానికి ఆ తేడా తెలియదు. ముందే ఆమ్లంతో సున్నాన్ని తొలగించాలి, లేదా విడిగా కొలిచి తీసివేయాలి. నమూనాల కోసం చేనును ఎక్కడ విడగొట్టాలో ఆ రైతు ఒక్క మాటలో చెప్పేశాడు.

పత్తి కట్టె సంగతీ అడిగాను. కొంత పొయ్యిలోకి పోతుంది. మిగిలినదాన్ని గులాబీ రంగు పురుగు భయంతో చేనులోనే కాలుస్తారు. మట్టికి చేరాల్సిన కర్బనం పొగైపోతోందని రైతులకు తెలియక కాదు. వచ్చే పంటను కాపాడుకోవాలన్న ఆరాటం అది.

వనపర్తి దగ్గర పల్లి వేసే రెండు చెల్కలు చూశాను. నేల ఒకటే, పంట ఒకటే, కానీ ఒకదాని మట్టి ముదురు రంగులో ఉంది. అడిగితే చెరువు మట్టి తోలించామన్నారు. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ మొదలయ్యాక ఎన్నో ఊళ్లలో పూడిక మట్టి ఇలాగే చేన్లకు చేరింది. ఆ మట్టితో చెల్కకు బంకతనం వస్తుంది, తేమ నిలుస్తుంది, కర్బనమూ పెరుగుతుంది. అయితే పూడికతో వచ్చిన ఆ కర్బనం గాలి నుంచి కొత్తగా పట్టుకున్నది కాదు, చెరువులోంచి చేనుకు మారినది. గొర్ల మందను రాత్రిళ్లు చేనులో ఆపినా అంతే. బీడులో మేసిన గడ్డి ఎరువై చేనుకు చేరుతుంది. రైతుకు రెండూ మేలే. వాతావరణపు లెక్కలో మాత్రం ఒకచోటి జమ మరోచోటి ఖర్చు. ప్రయోగశాలలో గాజు కుప్పెలోని రంగు ఈ సంగతి చెప్పదు. పదేళ్లుగా ఆ చేనులో ఏమేం తోలారో అడిగితేనే తెలుస్తుంది.

నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక కౌలు రైతును పెంట ఎరువు గురించి అడిగాను. “ఈ యేడు నాకిచ్చిండు. వచ్చే యేడు ఎవరికిస్తడో. పెంట తోలితే అది ఎవరి పాలయితది?” అన్నాడు. నోటిమాట కౌలు ఏడాదిది. మట్టిలో కర్బనం నిలవడానికి ఏళ్లు పడుతుంది. 2018లో వచ్చిన రైతుబంధు సాయం పట్టాదారుకే అందింది. రేపు కర్బనం డబ్బూ పాసుపుస్తకం చూసే ఇస్తే, చేను దున్ని, ఎరువు వేసినవాడికి ఏమీ మిగలదు.

కలుపు తీస్తున్న ఆడవాళ్లతో విడిగా కూర్చుంటే మరో సంగతి బయటపడింది. ఇంటివాళ్లు వలస పోయినప్పుడు గొడ్లను అమ్మేశారు. గొడ్లు పోయాక పెంటకుప్ప పోయింది. పెంట ఎత్తిపోసింది ఆ ఆడవాళ్లే కాబట్టి అది ఏ సంవత్సరం ఆగిపోయిందో వాళ్లకే గుర్తుంది. ఈ జిల్లాలున్న పాలమూరు ప్రాంతపు వలసల చరిత్ర ఈ మట్టిలోనూ ఉంది.

కాబట్టి ముందు మట్టి తీసి, తర్వాత నాలుగు ప్రశ్నలు అడిగి వెళ్లిపోతే సరిపోదు. మొదట ఊరివాళ్లతో కూర్చుని చేన్ల పటం గీయాలి. ఏ యేట బోరు పడింది, ఏ యేట గొడ్లు పోయాయి, ఎక్కడ పూడిక తోలారు అన్నది దాని మీద రాసుకోవాలి. ఎక్కడ తవ్వాలో ఆ పటాన్ని బట్టి నిర్ణయించాలి. ఫలితాలు వచ్చాక మళ్లీ ఊరికి వెళ్లాలి. అంకె ఒకటి, రైతు మాట మరొకటి అయినచోట ఇంకోసారి తవ్వాలి, ఇంకోసారి అడగాలి. గుర్తు తప్పొచ్చు, పరీక్షా తప్పొచ్చు. ఒకదాని తప్పును రెండోది పట్టుకుంటుంది.

ఈ మూడు జిల్లాలకు కర్బనం పేరుతో ఏ పథకం వచ్చినా నేను కోరేది రెండే. మట్టి సంచి మీది చీటీలో చేను నంబరుతో పాటు ఆ చేను చరిత్ర ఉండాలి. ఒప్పంద పత్రంలో పట్టాదారుతో పాటు కౌలుదారు పేరు, అతని వాటా ఉండాలి. మొదటిది లేకుంటే లెక్క తప్పుతుంది, రెండోది లేకుంటే న్యాయం తప్పుతుంది. పెంట తోలేవాడికి లాభం లేనిచోట మట్టిలో కర్బనమూ పెరగదు.