కేరళ సుందరి పేరేమిటి?

మెట్టుగూడలో మీ చుట్టాలెవరైనా ఉన్నారా? ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు ఒక పూట సాలార్‌జంగ్ మ్యూజియానికి కేటాయించండి. శుక్రవారం మాత్రం వద్దు, ఆ రోజు మూసేస్తారు. మెట్టుగూడలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్ దగ్గర రైలు మారి, మహాత్మాగాంధీ బస్ స్టేషన్లో దిగండి. అక్కణ్ణించి ఆటోలో కాస్త దూరమే.

పిల్లలెలాగూ గంటల గడియారం దగ్గరికే పరుగెడతారు. గంట గంటకీ బొమ్మ బయటికొచ్చి గంట కొట్టడం వాళ్ళకి వేడుక. మేలిముసుగు రెబెక్కా పాలరాతి శిల్పాన్ని మీరూ కళ్ళారా చూడండి. ఆ తర్వాత మాత్రం భారతీయ చిత్రాల గదికి తప్పక వెళ్ళండి. రాజా రవివర్మ (1848–1906) గీసిన 'కేరళ సుందరి' ఉన్నది అక్కడే.

ఐరోపా వాళ్ళ నూనెరంగుల పద్ధతిని నేర్చుకుని, మన ఆడవాళ్ళను మన కట్టూబొట్టుతో గీసిన చిత్రకారుడాయన. జుట్టు అలంకరించుకుంటున్న నాయర్ స్త్రీ బొమ్మకి 1873లో మద్రాసులో బంగారు పతకం వచ్చింది. 1894లో బొంబాయిలో అచ్చు యంత్రం పెట్టి దేవతల పటాలు వేయించాక, ఆ లక్ష్మీ సరస్వతులు సామాన్యుల ఇళ్ళకీ చేరారు. మీ పూజగదిలో పటం చూడండి, ఆ పోలికలు ఇప్పటికీ కనిపిస్తాయి.

అంతా బాగానే ఉంది గానీ, ఆ సుందరి పేరేమిటి? చిత్రం పేరులో ఆమె ఊసు లేదు, ఆమె ప్రాంతం పేరే ఉంది. ఇది మన దగ్గరే కాదండోయ్! ఫిలిప్పీన్స్ చిత్రకారుడు హువాన్ లూనా 1895లో గీసిన ఒక స్త్రీ చిత్రం మనీలా నేషనల్ మ్యూజియంలో ఉంది. దాని పేరు 'లా బులకేన్యా', అంటే బులకాన్ ప్రాంతపు ఆడమనిషి. అంతే! గీసినవారి పేరు లోకమంతా తెలుసు. గీయించుకున్నామె మాత్రం ఊరి పేరుతోనే మిగిలింది.

మన ఇళ్ళలో మాత్రం వేరేగా ఉందా? పెట్టెలోని పాత ఫోటోల్లో అమ్మమ్మ పక్కన నిలబడ్డావిడ ఎవరంటే 'ఎవరో ఏలూరు పిన్నిట' అనేస్తాం. చెప్పగల పెద్దవాళ్ళు ఉండగానే అడిగి, ఫోటో వెనక మెత్తటి పెన్సిల్‌తో పేరు, ఊరు, సంవత్సరం రాసిపెట్టండి. పెన్నుతో వద్దు, నొక్కు ముందువైపుకి పడుతుంది. పనిలో పనిగా, మీరున్న ఫోటోల వెనక మీ పేరు కూడా రాసుకోండి.