తడిసిన కొలతల పుస్తకం

వరద తీశాక ఇంటికి లెక్క రాస్తారు. పంటకు లెక్క రాస్తారు. మరి ఊళ్లోవాళ్ల బట్టలన్నీ దాచిన కుట్టుమిషన్ కొట్టుకు? భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ... పాత వరంగల్ జిల్లాలో కలిసి ఉండి, 2016లో వేర్వేరు జిల్లాలైన ఈ మూడు చోట్లా వరసగా మూడేళ్లు కురిసిన వానలు అడిగిన ప్రశ్న ఇది.

పరకాల దాటి భూపాలపల్లి వైపు వెళ్తుంటే జాతీయ రహదారి పక్కనే మోరంచపల్లి. ఊరిని ఆనుకునే మోరంచ వాగు. ఎండాకాలంలో ఆ వాగును చూస్తే, ఇది ఊరిని ముంచిందంటే ఎవరూ నమ్మరు. 2023 జులై 27 తెల్లవారుజామున మాత్రం ఊరంతా వాగే అయింది. జనం మిద్దెలెక్కి, చెట్లెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. పడవలు, సైన్యం హెలికాప్టర్లు వచ్చి వాళ్లను ఒడ్డుకు చేర్చాయి. నలుగురిని వరద మింగేసింది. అంతకుముందు ఒక్క రోజులోనే ఇదే జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్లు, పొరుగున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది!

ప్రాణాలు దక్కాక వెతుక్కునేది బతుకుతెరువునే కదా. ఇలాంటి ఊళ్లలో కుట్టుమిషన్ కొట్టంటే పెద్ద హంగేమీ ఉండదు. ఇంటి ముందు గదో, రేకుల షెడ్డో. ఒకటో రెండో మిషన్లు, ఓ ఇస్త్రీపెట్టె, కత్తెర, టేపు, దారపు ఉండలు, లైనింగు గుడ్డలు. అన్నీ నేల మీదో, నేలకు జానెడెత్తులోనో ఉంటాయి. అందుకే నీళ్లొస్తే ముందు మునిగేవి అవే.

ఇనుము బతుకుతుంది

అయితే ఓ మంచి మాట. కాలితో తొక్కే పాత మిషన్ అంత తేలిగ్గా చావదు. దాని తల పోత ఇనుము. దానికి అసలు శత్రువు నీళ్లకన్నా బురద. బురద ఆరి గట్టిపడితే గరుకు కాగితంలా లోపలి భాగాలను అరగదీస్తుంది. అందుకే మునిగిన మిషన్ చక్రాన్ని వెంటనే తిప్పిచూడకూడదు. ముందు ఫొటోలు తీసుకోవాలి, నష్టం రాయించుకోవడానికి పనికొస్తాయి. తరువాత మంచినీళ్లతో బురద కడగాలి. బాబిన్ కేసు, షటిల్ విప్పి తుడవాలి. పూర్తిగా ఆరాక కిరోసినో, మిషన్ నూనో పోసి చేత్తో మెల్లగా తిప్పాలి. ఆడితే, పాతగుడ్డ మీద కుట్టి చూడాలి. నూనె మరకలు పోయేదాకా కొత్త బట్ట జోలికి వెళ్లకూడదు.

కరెంటు మోటారు సంగతి వేరు. ఆరినట్టు కనిపించినా ప్లగ్గు పెట్టకూడదు, మెకానిక్ చూడాల్సిందే. ఉబ్బిపోయిన చెక్కబల్ల, సాగిన తోలు బెల్టు మార్చుకోక తప్పదు.

బట్ట ఎవరిది?

మోరంచపల్లి మునిగిన మరుసటి ఏడాది మహబూబాబాద్ జిల్లా వంతు. 2024 సెప్టెంబరు 1న ఆకేరు పొంగి మరిపెడ మండలం సీతారాం తండాను ముంచేసింది. అదే వానకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, పట్టాలు గాల్లో వేలాడాయి. వందలమంది రాత్రింబగళ్లు పనిచేస్తే కొద్దిరోజుల్లోనే రైళ్లు నడిచాయి. కుట్టుకొట్టుకు అలా సాయం వచ్చే గ్యాంగులుండవు. ఒకరిద్దరే అన్నీ చేసుకోవాలి.

పైగా ఆ కొట్లో ఉన్న సరుకులో సగం వాళ్లది కాదు. పెళ్లికని ఇచ్చిన పట్టుచీర, ఫాల్ కోసం వచ్చిన కొత్త చీర, స్కూలు యూనిఫాం. తండాల్లోనైతే అద్దాలు కుట్టిన పేటియా, కాంచళి ఉండొచ్చు. నెలల తరబడి చేత్తో కుట్టిన పని అది. బజారుకెళ్లి ఇంకోటి కొనుక్కొస్తే సరిపోదు. బురద పట్టిన బట్టను ముందు సబ్బు లేకుండా చల్లటి నీళ్లలోనే జాడించాలి. వేడినీళ్లు పోస్తే మరక నిలిచిపోతుంది. రంగులను విడదీసి, నీడలో ఆరేయాలి. ఎంత చేసినా కొన్ని బట్టలు దక్కవు. వాటికి బదులు చెప్పుకోవలసింది కుట్టేవాళ్లే.

లెక్కలో దర్జీ

జనగామ పేరు చెబితే కరువే గుర్తొస్తుంది. అయినా 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను తెచ్చిన వాన ఇటువైపూ విరుచుకుపడింది. వరంగల్ కాలనీలు మునిగాయి, డోర్నకల్ స్టేషన్లో పట్టాలపైకి నీళ్లొచ్చాయి. మెట్ట ప్రాంతమని మిషన్‌ను నేలమీదే వదిలేసే రోజులు పోయినట్టే.

జనగామ పక్కనే ఇత్తడి పనికి పేరుపడ్డ పెంబర్తి ఉంది. 2022-26కు కేంద్రం ఇచ్చిన విపత్తు సాయం నిబంధనల్లో చేనేత, హస్తకళల వాళ్ల పనిముట్లు పోతే మనిషికి 5 వేల రూపాయలని రాశారు. పెంబర్తి కళాకారుడు ఆ మాట కింద నేరుగా వస్తాడు. జాకెట్లు కుట్టే మనిషి పేరు అందులో విడిగా లేదు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం మాత్రం 18 వృత్తుల్లో దర్జీని పేరుపెట్టి చేర్చింది. పనిముట్లకు 15 వేల రూపాయల వోచరు, 5 శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష రూపాయల దాకా అప్పు ఉన్నాయి. అది వరద సాయం కాదు కాబట్టి, కొత్త పేర్లు నమోదు చేస్తున్నారో లేదో వాన రాకముందే కనుక్కోవడం మేలు. మహిళా సంఘంలో ఉన్నవాళ్లకు సంఘం అప్పు ఎటూ ఉంది. 2024 నుంచి సర్కారు బడి యూనిఫాంల కుట్టుపని సంఘాలకే ఇస్తున్నారు. కొట్టు మళ్లీ నిలదొక్కుకోవడానికి అదో ఆసరా.

వీటన్నిటికంటే ముందు ఎత్తుమీద పెట్టాల్సినవి రెండు ఉన్నాయి. ఒకటి కొలతల పుస్తకం. ఏ అమ్మ జాకెట్టు చేతి పొడవెంతో, ఏ పిల్ల గౌను ఎంత పెంచాలో అందులోనే ఉంటుంది. దాన్ని సెల్‌ఫోనులో ఫొటోలు తీసి ఉంచుకుంటే పైసా ఖర్చు లేదు. రెండోది బిల్లు పుస్తకం. చాలామంది దర్జీలు బిల్లు పక్కన ఆ బట్టదే చిన్న ముక్క కత్తిరించి పిన్ను కొడతారు. వరదలో సిరా కరిగిపోతుంది, పేరు చెరిగిపోతుంది. గుడ్డముక్క మిగులుతుంది. దాన్ని చూసి "ఇది మాదే" అని చెప్పగలిగేది ఆ ఇంటి మనిషే.

వాన వెలిశాక మీ ఊరి కుట్టుకొట్టు తలుపు తెరిచి ఉంటే ఒకసారి లోపలికి వెళ్లండి. పాత బట్ట గురించి నిలదీయకుండా, ఓ కొత్త జాకెట్టు గుడ్డ ఇచ్చి రండి. కొలతలు మళ్లీ తీసుకోనివ్వండి. ఆ పుస్తకంలో మొదటి పేజీ మీదే అవుతుంది.