కారు వెనక పీట

పోయిన నెలలో ఒక ఆదివారం మావాడు పొద్దున్నే కారు తీసుకుని వెళ్ళి, భోజనాల వేళకి వచ్చాడు. వస్తూనే "అమ్మా, ఒకసారి కిందికి రా" అని కేక. నాతో పాటు అత్తయ్యగారు కూడా మెల్లిగా మెట్లు దిగారు. చూస్తే డిక్కీ మీద నల్లగా నిగనిగలాడుతూ, రెండు కాళ్ళ మీద నిలబడ్డ ఒక బల్ల! అత్తయ్యగారు కాసేపు చూసి, "ఇదేంట్రా, కారుకి పీట వేయించావు? ఎవరు కూర్చోడానికి?" అన్నారు.

నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఎందుకంటే వాడు వెళ్ళింది టైర్లు మార్పించడానికి. ముందురోజు రాత్రి నా చీటీ డబ్బుల్లోంచి 12,000 తీసి నేనే ఇచ్చాను. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, దాచుకున్నదంతా పెట్టి ఒక పాత కారు కొనుక్కున్నాడు పాపం. టైర్లు నున్నగా అయిపోయాయి. తర్వాతి నెల అందరం శ్రీశైలం వెళ్ళాలి. ఘాట్ రోడ్డు, పైగా వానలు.

"టైర్లేవిరా?" అంటే తల గోక్కున్నాడు. "ఈ స్పాయిలర్ ఉంటే గ్రిప్ పెరుగుతుందమ్మా. ఆ టైర్లే ఇంకో ఆర్నెల్లు వస్తాయి."

ఆ పీటకి 6,500. మిగిలినవి స్టిక్కర్లకీ, సైలెన్సర్ చివర మెరిసే గొట్టానికీ, బానెట్ మీద గాలి పోయే రంధ్రానికీ అయిపోయాయిట. ఆ రంధ్రంలో వేలు పెట్టి చూశాను. లోపల మూసే ఉంది!

మావారు ఏమీ అనలేదు. ఆయన అరిస్తే మాకెవరికీ భయం లేదు, మాట్లాడకపోతేనే భయం. అన్నం తిని పేపరు అడ్డం పెట్టుకున్నారు.

సాయంత్రం మా తమ్ముడు వచ్చాడు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్తాడు. మేనమామ మాటంటే మావాడికి కాస్త గురి. వాడు తిట్టలేదు. నన్ను చాట తెమ్మని, మేనల్లుణ్ణి డాబా మీదికి తీసుకెళ్ళి గాలికి ఎదురుగా పట్టుకోమన్నాడు. చాట ముందంచు పైకెత్తితే చేతుల్లోంచి లేచిపోతోంది, కిందికి వంచితే అణుగుతోంది. "ఇంతే అల్లుడూ! జోరుగా పోయే కారుని గాలి పైకి లేపుతుంది. ఈ బల్ల వెనకభాగాన్ని కిందికి అణచాలి. కానీ ఎంత వేగంలో?"

వేగం రెట్టింపైతే గాలి నొక్కుడు నాలుగు రెట్లవుతుందిట. 200 వేగంలో పోయే పందెం కారు మీద వంద కిలోల నొక్కుడు పడిందనుకుంటే, అదే బల్ల మన హైదరాబాద్ ట్రాఫిక్‌లో 40లో పోతే నాలుగు కిలోలు. "మీ అమ్మ తెచ్చే కూరల సంచీ డిక్కీలో పెడితే అంతకన్నా బరువు" అన్నాడు. పైగా మావాడి కారుని లాగేవి ముందు చక్రాలు. బ్రేకు వేస్తే బరువంతా పడేదీ ముందుకే. పీటేమో వెనక!

అలాగని స్పాయిలర్ అంటే ఉత్త సోకేమీ కాదుట. 1998లో ఆడి వాళ్ళు టీటీ అనే కారు తెస్తే, జర్మనీలో వేగానికి హద్దులేని రోడ్ల మీద వెనకభాగం నిలవక ప్రమాదాలు జరిగాయి. కంపెనీవాళ్ళు అమ్మిన కార్లని వెనక్కి పిలిచి చిన్న స్పాయిలర్ బిగించారు. అది గాలి సొరంగంలో పెట్టి కొలిచి చేసేది. వీధి చివర కొట్లో జిగురుతో అంటించేది వేరు.

తర్వాత టైరు గాళ్ళలో వేలు పెట్టించాడు. లోపల అక్కడక్కడా చిన్న గట్లుంటాయి, 1.6 మిల్లీమీటర్ల ఎత్తు. టైరు అరిగి వాటితో సమానమైతే ఇక మార్చాల్సిందే, వాననీళ్ళు బయటికి పోవడానికి దారుండదు. మావాడి వేలికి గట్టు తగల్లేదు, అంతా ఒకటే నున్నన. వాడి మొహం చూడలేకపోయాను.

అప్పుడు అత్తయ్యగారు అందుకున్నారు. "వీడి నాన్న తక్కువ తిన్నాడా? స్కూటరుకి నాలుగు అద్దాలు, రంగు కుచ్చులు, పసిపిల్లాడి ఏడుపులాంటి హారను!" పేపరు కొంచెం కిందికి దిగింది. నేనూ ఊరుకున్నాను. మా ఫ్రిజ్ హ్యాండిల్‌కి లేసు తొడుగు నేనే కుట్టాను మరి. దానివల్ల ఫ్రిజ్ ఎక్కువ చల్లబడుతుందా?

ఒక్కదానికి మాత్రం ససేమిరా అన్నాను. కారు ముందు ఇనప గార్డు వేయించాలని వాడి తర్వాతి ప్లాను. గుద్దుకున్నప్పుడు ఆ దెబ్బ దారి మళ్ళి ఎయిర్‌బ్యాగు సరిగ్గా విచ్చుకోకపోవచ్చని, ఎదుటి మనిషికి దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుందని తమ్ముడు చెప్పాడు. వాటి మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది కూడా. కన్నతల్లిగా నాకా ఎయిర్‌బ్యాగు మాట చాలు.

తర్వాతి శనివారం తండ్రీకొడుకులు కలిసే టైర్ల షాపుకి వెళ్ళారు. డబ్బు ఆయన ఇచ్చారు, వాడు జీతంలోంచి రెండు నెలల్లో తీర్చాలి. పీట ఊడబీకించమని ఎవరం అనలేదు.

మన్ననూరు దాటాక నల్లమలలో ఒకటే వాన. మావాడు 30 దాటలేదు. తెరిపిచ్చాక ఒకచోట ఆపాం. అత్తయ్యగారు దిగి, అటూ ఇటూ చూసి, పులిహోర గిన్నె తీసుకెళ్ళి డిక్కీ మీది పీట మీద పెట్టి విస్తరాకులు సర్దడం మొదలుపెట్టారు.

"నానమ్మా, గీతలు పడతాయే!" అని మావాడు ఒకటే గోల.